గుండ్ల సందులో మందులమ్మ

యేసు, మరియ, జోజప్పల తోడు
కన్యాస్త్రీల మఠం, చిత్తూరు
1947 జనవరి 12

నాయనకు, అమ్మకు జపమాల నమస్కారాలు.

నేను బాగున్నాను. చలికి పాదాలు పగిలాయి, అంతే. ఆముదం పంపవద్దని అమ్మతో చెప్పండి. ఇక్కడ వంటింటి సిస్టరును అడిగితే ఇస్తుంది.

నాకొక కొత్త పని అప్పగించారు. మా కన్యాస్త్రీల సభ ఈ దేశానికి వచ్చి యాభై ఏండ్లు కావస్తున్నది. పాత కాగితాలన్నీ బీరువాల్లో పడి ఉన్నాయి. ఏ ఊళ్ళో వైద్యశాల ఎప్పుడు తెరిచారు, కుట్టుపని బడి ఎవరు నడిపారు, కరువు ఏట గంజి ఎక్కడ పోశారు, అన్నీ వాటిలో ఉన్నాయి. చెదలు తినగా మిగిలినవాటికి వేపాకు పెట్టి కట్టలు కడుతున్నాను. మా పెద్ద మదరుగారు బెల్జియం మనిషి. తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. అందుకే ఈ పని నాకు వచ్చింది.

ఆ కాగితాల్లో మృతుల పుస్తకం ఒకటి ఉంది. కన్నుమూసిన ప్రతి సిస్టరుకూ ఒక పుట. ఎక్కడ పుట్టింది, ఎక్కడ పని చేసింది, సమాధి ఎక్కడ. అందరికీ "చిత్తూరు, మఠం తోట" అని ఉంది. సిస్టర్ ఒడీల్ పుటలో మాత్రం ఆ చోటు ఖాళీగా వదిలారు. వాంతిభేది వచ్చిన ఏడు మన రాళ్ళమిట్టలో ఇంటింటికీ తిరిగి మందులు పోసి, ఎండదెబ్బ తగిలి మన పేటలోనే ప్రాణం విడిచిన ఆమే. మీరంతా మందులమ్మ అనేవారు. అప్పుడు నేను శిక్షణలో దూరంగా ఉన్నాను. ఇంటికి రావడానికి మా నియమం ఒప్పుకోదు, లేకుంటే నేనే వచ్చి చూసేదాన్ని. సమాధి ఎట్లా ఉంది? ఎవరు చూసుకుంటున్నారు? తెలిసిందంతా రాయండి. ఎప్పటిలాగా రెండు ముక్కలతో సరిపెట్టకండి నాయనా.

మీ బిడ్డ,
సిస్టర్ ఆగ్నేసు (మీకు జపమాల)


రాళ్ళమిట్ట
1947 జనవరి 26

అమ్మా జపమాలా,

మీ నాయన రాజారత్నం రాసేది. అందరమూ బాగున్నాము. నల్లావు ఈనింది. పెయ్యదూడ.

మందులమ్మ సమాధి చక్కగా ఉన్నది. గుండ్ల సందులో ఉన్నది. ఏటేటా నేనే సున్నం కొడతాను. మన పేటవాళ్ళే కాదు, నాయుళ్ళ ఊరి ఆడవాళ్ళు కూడా వస్తారు. శుక్రవారం నాడు రాతికి పసుపు పూస్తారు. టెంకాయ కొడతారు. చెంగయ్య నాయుడి కోడలు చంద్రకాంతమ్మ పసిబిడ్డను తెచ్చి సమాధి ముందర పడుకోబెట్టి ఎత్తుకొని పోయింది. ఇంత మర్యాద ఏ కన్యాస్త్రీకీ జరిగి ఉండదు. మీ పెద్ద మదరుకు చెప్పు. సంతోషపడుతుంది.

మీ అమ్మ పక్కన కూర్చొని, "ఇంకా రాయి, ఇంకా రాయి" అంటా ఉండాది. ఏం రాయాలో చెప్పమంటే, "నాకేం తెలుసు, సదువుకున్నోడివి నువ్వు గదా" అంటుంది. నా చదువు మూడో తరగతి. కాబట్టి ఇంతటితో ఆపుతున్నాను.

ఆముదం పంపినాము.

రాజారత్నం


కన్యాస్త్రీల మఠం, చిత్తూరు
1947 ఫిబ్రవరి 10

నాయనకు,

మీ జాబు చదివి నాకు చెమటలు పట్టాయి. మాకు వచ్చే ప్రతి జాబూ పెద్ద మదరుగారికి చదివి వినిపించాలి. "సంతోషపడుతుంది" అన్న మాట దాకా చదివి, తల ఎత్తి చూశాను. ఆమె ముఖంలో సంతోషం లేదు. "మా సిస్టరును దేవతను చేశారా?" అని అడిగారు.

ఇప్పుడు ఒక నిర్ణయం జరిగింది. సిస్టర్ ఒడీల్ అస్థికలను ఈస్టరు పండుగ కాగానే చిత్తూరు తెచ్చి, తక్కిన సిస్టర్ల పక్కన పెడతారు. కలెక్టరు కచేరీ నుంచి అనుమతి కూడా వచ్చింది. నాకూ ఇదే మంచిదని తోచింది. ఆమె దేశం విడిచి, తల్లిని విడిచి వచ్చిన మనిషి. తనవాళ్ళ నడుమ పడుకోవడం న్యాయమే కదా.

పేటవాళ్ళకు మీరే నచ్చజెప్పాలి. ముఖ్యంగా ఆ పసుపు, టెంకాయలు మాన్పించండి. ఏదైనా అభ్యంతరం ఉంటే వెంటనే రాయండి. జాబు రాకుంటే మీకు సమ్మతమేనని మదరుగారికి చెబుతాను.

ఆముదం అందింది. అమ్మ మాట వినదని నాకు తెలుసు.

మీ బిడ్డ,
సిస్టర్ ఆగ్నేసు


రాళ్ళమిట్ట
1947 ఫిబ్రవరి 23

అమ్మా జపమాలా,

నాయన రాసేది. మందులమ్మను కదిలించవద్దు.

పోయిన జాబులో అసలు సంగతి రాయలేదు. ఈడ చంటిపిల్లకు కూడా తెలిసినదే, రాసేదేముంది అనుకున్నాను. ఇప్పుడు రాస్తాను.

మన పేటకు తాగే నీళ్ళు గుట్ట కింది ఊట ఒక్కటే. నీకు గుర్తుండే ఉంటుంది. చెంగయ్య నాయుడి గొడ్లు ఆ రెండు పెద్ద గుండ్ల సందులో నుంచి వచ్చి, ఊట పైగట్టున పోయేవి. వాన పడితే పేడ, ఉచ్చ అంతా ఊటలోకే. వాంతిభేది దాంతోనే వస్తా ఉందని మందులమ్మ కనిపెట్టింది. నాయుడి ఇంటికి ఎన్నిసార్లు పోయిందో లెక్కలేదు. నేనే గొడుగు పట్టుకొని వెంట పోయేవాణ్ణి.

"అమ్మణ్ణీ, మా తాతలనాటి నుంచి నా గొడ్లు ఆ దోవనే పోతా ఉండాయి. గుట్ట సుట్టూ తిప్పితే పొద్దు గూకిపోతాది," అనేవాడు నాయుడు.

"గొడ్డుకు రెండు దోవలు ఉండాయి. పేటకు ఒక ఊటనే ఉండాది," అనేది ఆయమ్మ. మన మాట అట్లా నేర్చుకుంది.

ఆయన వినలేదు. అంతలో ఆయన కోడలికే వాంతిభేది తగిలింది. మందులమ్మ ఆ ఇంట్లోనే ఉండి బతికించింది. అది ముగించుకొని మిట్టమధ్యాహ్నం నడిచి వస్తా మన వాకిట్లో పడిపోయింది. వైశాఖం ఎండ. శవాన్ని చిత్తూరు దాకా బండిలో తీసుకుపోయే వీలు లేదు. యాడ పెట్టాలా అని అనుకుంటా ఉంటే, ఎన్నడూ పేటలో కాలు పెట్టని నాయుడు పేట మొగదలకు వచ్చి నిలబడినాడు. "ఏమప్పా రాజారత్నం, ఆయమ్మను గుండ్ల సందులో పెట్టండి. ఇంక నా గొడ్లు ఆ దోవన రావు," అన్నాడు. అంతే అన్నాడు. అట్లనే పెట్టినాము.

కంచె వేసి ఉంటే ఎవడో ఒకడు పీకి ఉండేవాడు. సమాధి తొక్కి గొడ్లు తోలేవాడు ఏ ఊళ్ళోనూ లేడు. ఆయమ్మ బతికి ఉండి మూయలేని దోవ ఇప్పుడు మూసి ఉన్నది. తీసేస్తే తెరుచుకుంటుంది. ఇదీ సంగతి.

పసుపు మాన్పించేది నా చేత కాదు. ఆడవాళ్ళ గుంపులోకి పోయి నేను మాట్లాడగలనా?

ఇంత చెప్పినాక మీ మదరు కాదనదు. ధైర్యంగా ఉన్నాను. నువ్వు మళ్ళీ జాబు రాసే శ్రమ కూడా వద్దు. రాకుంటే సరేనన్నారని అనుకుంటాను.

రాజారత్నం


రాళ్ళమిట్ట
1947 మార్చి 25

అమ్మా జపమాలా,

నీ జాబు రాలేదు. చాలా సంతోషం. మదరు పెద్ద మనసుగల మనిషి. నా దండాలు చెప్పు.

మందులమ్మ ఈడనే ఉంటుందని పేటలో అందరికీ చెప్పినాను. చెంగయ్య నాయుడికీ కబురు పంపినాను. ఆయన, "రాజారత్నం నోరు తెరిచి రెండు మాటలు చెప్పినాడంటే అది నిజమే అయ్యుంటాది," అన్నాడట. నవ్వుకున్నారట. నవ్వుకోనీ.

ఈస్టరుకు సమాధికి సున్నం రెండు పూతలు కొడుతున్నాను. పోయినేడు ఒక పూతే కొట్టినాను. మీ అమ్మ, "మా ఇంటి గోడకు ఒక పూతకైనా నోసుకోలేదు" అని సాధిస్తా ఉండాది. మిగిలిన సున్నం ఇంటికే కొడతానని ఒప్పుకున్నాను.

నల్లావు దూడ గంతులేస్తా ఉంది.

రాజారత్నం


కన్యాస్త్రీల మఠం, చిత్తూరు
1947 ఏప్రిల్ 7, ఈస్టరు మర్నాడు

నాయనకు, అమ్మకు పండుగ శుభాకాంక్షలు.

మీరు ఏ అభ్యంతరమూ రాయకపోవడం చూసి నా గుండె బరువు దిగింది. "మా నాయన మాటలు తక్కువ మనిషి. ఒప్పుకుంటే ఊరుకుంటాడు," అని పెద్ద మదరుగారికి గట్టిగా చెప్పాను. ఆమె ఈ తెల్లవారుజామునే ఇంకొక సిస్టరును, మేస్త్రీ ప్రేమానందాన్ని వెంటబెట్టుకొని బండిలో మన ఊరికి బయలుదేరారు. చిన్న పెట్టె ఒకటి చేయించి, లోపల తెల్లగుడ్డ పరిచి తీసుకొని వెళ్ళారు. ఆ గుడ్డకు అంచు కుట్టింది నేనే. బండి కంటే ముందు ఈ జాబు చేరదని తెలుసు, అయినా...

నాయనా, మధ్యాహ్నం భోజనం తర్వాత మళ్ళీ రాస్తున్నాను.

ఈస్టరుకు ముందు తపస్కాలం నలభై దినాలూ మాకు జాబులు ఇవ్వరు. మేమూ రాయకూడదు. వచ్చినవి వచ్చినట్టే విప్పకుండా పెద్ద మదరుగారి సొరుగులో ఉంటాయి. అది మా ఉపవాసంలో ఒక భాగం. ఈ సంగతి నీకు రాయాలని కూడా నాకు తోచలేదు. ఇక్కడ అది గాలి పీల్చినంత మామూలు. తపస్కాలం మొదలయ్యేలోపే నీ జాబు రావాలి, రాలేదంటే ఒప్పుకున్నావనే అనుకున్నాను. మదరుగారు వెళుతూ సొరుగు తాళంచెవి గుత్తిలో నుంచి తీసి ఇక్కడ ఉండే సిస్టరుకు ఇచ్చి వెళ్ళారు. ఇప్పుడే జాబులు పంచారు. నీవి రెండు.

నువ్వు వద్దన్నావు. ఒప్పుకున్నావని నేను చెప్పాను. నీ జాబు నా గదికి నాలుగు గోడల అవతల సొరుగులో ఉంటే, నీ మౌనం చూపించి నేను సాక్ష్యం చెప్పాను. బండిని అందుకోవడానికి ఇక్కడ మనిషి లేడు. ఊట సంగతి మాకు ఒక్క కాగితంలోనూ లేదు నాయనా. వైద్యశాలకు ఎందరు వచ్చారో రాసుకున్నారు. ఎందుకు రావడం మానేశారో ఎవరూ రాయలేదు.

ఏం జరిగిందో వెంటనే రాయి. నన్ను తిట్టాలనుకుంటే తిట్టు, కానీ రాయి.

నీ జపమాల


రాళ్ళమిట్ట
1947 ఏప్రిల్ 10

అమ్మా జపమాలా,

నీ జాబు ఈ పొద్దు చేరింది. బండి ముందే వచ్చింది.

బండి చూసినప్పుడు నీమీద కోపం వచ్చిన మాట నిజం. రెండు జాబులు రాస్తే ఒక మాట కూడా చెప్పలేదే అనుకున్నాను. మీ అమ్మ, "మఠానికి పోతే కడుపున పుట్టింది గూడా పరాయిదై పోతాది" అని కొంగు నోట్లో కుక్కుకుంది. ఇప్పుడు ఇద్దరికీ కోపం లేదు. జరిగింది రాస్తాను. ఇంత పొడుగు జాబు నేను ఎన్నడూ రాయలేదు. మీ అమ్మ నూనెబుడ్డి కూడా దగ్గర పెట్టింది.

మంగళవారం తెల్లవారినాక మీ వాళ్ళు సందు దగ్గరకు వచ్చినారు. ప్రేమానందం చేతిలో గడ్డపార. పేటంతా ఆడనే ఉంది. అందరూ నా ముఖం చూసినారు. అంతా సర్దుబాటయిందని చెప్పింది నేనే కదా. ముందుకు పోయి నిలబడినాను.

"అమ్మా, వద్దని రాస్తిని, దాని వెనక ఇంకో జాబూ వేస్తిని," అన్నాను.

"నాకు రాలేదు," అనింది మదరు. "నాయన ఒప్పుకున్నాడు అని నీ కూతురు చెప్పింది."

"నా కూతురు అబద్ధం చెప్పదమ్మా."

"నువ్వు చెబుతావా?"

"నేనూ చెప్పను."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మదరు నవ్వలేదు. జాబులు ఎప్పుడు వేసినావని అడిగింది. చెప్పినాను. చెయ్యి నడుము దగ్గరి తాళంచెవుల గుత్తిమీదికి పోయింది. ముఖం ఎర్రగా అయింది. సొరుగు సంగతి ఆయమ్మే చెప్పింది.

అది విని మీ అమ్మ ఊరుకుంటుందా? "ఉపాసం కూటికి గదమ్మా. అమ్మానాయన మాటకు గూడానా?" అనింది. నేను చెయ్యి పట్టి లాగినా వినలేదు.

"అది మా నియమం," అనింది మదరు, మెల్లిగా.

"మీ నియమానికి మా ఊట పోతా ఉండాదమ్మా," అనింది మీ అమ్మ.

అప్పుడు చెంగయ్య నాయుడు వచ్చినాడు. గొడుగు మూసి, గుండు అవతలనే నిలబడి మాట్లాడినాడు. "సూడమ్మా, మీ మనిషిని మీరు తీసకపోతే నేను అడ్డం రాను. ఈ సోటు నేను ఆయమ్మకు ఇచ్చినాను, ఇంకెవురికీ ఇయ్యలేదు. ఆయమ్మ పోతే దోవ నాది. రేప్పొద్దున్నించి నా గొడ్లు ఈడనే వస్తాయి. తరవాత నన్ను ఆడిపోసుకోవద్దు."

"ఆమె లేకపోయినా మీరు దోవ మూసి ఉంచవచ్చు కదా?" అని అడిగింది మదరు.

నాయుడు తల గోక్కున్నాడు. "నేను మూస్తానమ్మా. నా గొడ్లకాపరి మూస్తాడా? పక్కూరోళ్ళు మూస్తారా? నా కొడుకులు మూస్తారా? ఆయమ్మ ఉండాది గాబట్టి మేము ఎవురమూ తలకాయ ఎత్తకుండా సుట్టూ తిరిగి పోతా ఉండాము."

ఉన్న మాట ఉన్నట్టే చెప్పినాడు. దాంట్లో నాకు తప్పు కనపడలేదు.

మదరు సందు దాటి, గట్టున నడిచి ఊట దగ్గరికి దిగింది. మేమందరమూ వెనకాలే. వంగి నీళ్ళు చూసింది. అడుగున ఇసక కనపడతా ఉంది. మీ అమ్మ చెంబు ముంచి ఇచ్చింది. నిలబడే తాగింది.

"వాంతిభేది మళ్ళీ వచ్చిందా?"

"పక్క ఊళ్ళకు వచ్చిందమ్మా. ఈడికి రాలేదు," అన్నాను.

తిరిగి సమాధి దగ్గరకు వచ్చి, తెల్లటి సున్నంమీద చెయ్యి పెట్టి, కండ్లు మూసుకుంది. ఎంతసేపు అంటే, ప్రేమానందం ఉండబట్టలేక, "మదరుగారూ, తవ్వేదా వద్దా? ఎండెక్కతా ఉండాది," అన్నాడు. ఆయమ్మ వాడి చేతిలోని గడ్డపార తీసుకొని, తానే మోసుకొని పోయి బండిలో పెట్టింది. పేటలో ఆడవాళ్ళు ఏడ్చినారు. నాకు ముక్కు కారింది. దుమ్ముకు.

పోయే ముందు, "ఈ పసుపు ఎందుకు? ఆమె దేవత కాదు," అనింది. చంద్రకాంతమ్మ బిడ్డను చంకనేసుకొని ముందుకు వచ్చింది.

"దేవత అని ఎవురన్నారమ్మా? ఇంటికొచ్చిన ఆడమనిషికి పసుపు ఇయ్యకుండా సాగనంపుతామా? ఆ పొద్దు ఆయమ్మ నన్ను బతికించి, మా గడప దాటి పోతా ఉంటే, మంచంలో ఉండి నేను ఇయ్యలేకపోతిని. మా అత్త మరిచిపోయె. ఆయమ్మ దోవలోనే పోయింది. అందుకే ఇప్పుడు ఇస్తా ఉండాను."

అని, కొంగున కట్టుకొచ్చిన పసుపుకొమ్ము ఒకటి తీసి మదరు చేతిలో పెట్టింది. "మీరూ పోతా ఉండారు గదమ్మా," అనింది.

మదరు దాన్ని పారేయలేదు. పిడికిట్లో పట్టుకొనే బండెక్కింది. బండి మలుపు తిరిగే దాకా చూసినాను. పిడికిలి విప్పలేదు.

బెల్జియంలో ఉండే వాళ్ళ పెద్దలకు రాసి అడగాలట. జవాబు వచ్చేదాకా ఎవరూ తవ్వరని మాట ఇచ్చింది. వస్తుంది, మంచి జవాబే వస్తుంది. ఆ చెంబు నీళ్ళు తాగినాక కాదనలేరు.

నిన్ను తిట్టేదేమీ లేదు. నేను ముందే విడమరిచి రాసి ఉంటే సరిపోయేది.

రాజారత్నం


కన్యాస్త్రీల మఠం, చిత్తూరు
1947 అక్టోబరు 12

నాయనకు, అమ్మకు,

మీ నమ్మకమే గెలిచింది. బెల్జియం నుంచి జవాబు వచ్చింది. సిస్టర్ ఒడీల్ రాళ్ళమిట్టలోనే ఉంటారు.

పెద్ద మదరుగారు అక్కడికి పంపిన విన్నపానికి శుభ్రప్రతి రాసింది నేనే. కాబట్టి అందులో ఏమున్నదో నాకు తెలుసు. ఊట ఉంది, దోవ ఉంది, చెంగయ్య నాయుడుగారు ఉన్నారు. పసుపు ఎక్కడా లేదు. ఇకమీదట తపస్కాలంలో ఇంటి జాబులు వస్తే మదరు ముందుగా విప్పించి విని, అత్యవసరమైతే ఇవ్వాలని కొత్త నియమం కూడా పెట్టారు. అమ్మ మాట ఇంత దూరం వచ్చింది. అమ్మకు చెప్పకండి, ఊరంతా చెబుతుంది.

నిన్న మృతుల పుస్తకం తెప్పించి, నా చేతనే సిస్టర్ ఒడీల్ పుటలో రాయించారు. "రాళ్ళమిట్ట, గుండ్ల సందు. ఊటకు పోయే గొడ్ల దోవను మూసి ఉన్నది," అని. సమాధి చోటు కింద ఇంత పొడుగు మాట ఇంకెవరికీ లేదు.

ఇంకొక సంగతి. ఇది రాయడానికే మూడు కాగితాలు చింపాను. పుస్తకంలో సమాధి చోటు ఎక్కితే దానికి ఒక నియమం వర్తిస్తుంది. ప్రతి నవంబరులో సమాధుల పండుగ నాడు, ఆ సమాధి దగ్గర ఇద్దరు సిస్టర్లు జపం చెయ్యాలి. ఇన్నాళ్ళూ చోటు రాసి లేదు గనుక ఎవరినీ పంపలేదు. ఈ ఏడు వెళ్ళవలసినవారి పేర్లు నిన్న భోజనాల బల్ల దగ్గర చదివారు. అందులో రెండో పేరు నాది. మదరుగారు చదివేటప్పుడు నా వైపు చూడలేదు.

ఇంటికి రాలేను నాయనా. గడప తొక్కకూడదు. ఎవరింట్లోనూ తినకూడదు. సందు దగ్గర జపం ముగించుకొని, ఎండ తగ్గగానే బయలుదేరాలి. అమ్మకు ఇది ముందే చెప్పి పెట్టండి. ఏడుస్తుందేమో.

మీ జపమాల


రాళ్ళమిట్ట
1947 అక్టోబరు 20

అమ్మా జపమాలా,

జాబు అందింది. పేటంతా చదివి వినిపించినాను. నేనే, గట్టిగా.

మీ అమ్మ ఏడవలేదు. "గుండ్ల సందు ఎవురి ఇల్లూ కాదు గదా. ఆడ కూడు పెడితే ఏ నియమం తప్పతాది?" అని అడుగుతుంది. జవాబు నువ్వు వచ్చి చెప్పుకో. ఇప్పటినుంచే కొర్రలు దంచుతా ఉంది. చెంగయ్య నాయుడు గుండ్లకు ఆనించి తాటాకు పందిరి వేయిస్తానన్నాడు. జపం చేసేవాళ్ళు ఎండలో ఉండకూడదట. ఆయమ్మ ఎండకే కదా పోయింది అన్నాడు.

నిన్ను ఇంటికి రమ్మని పిలవము. నీ నియమం నీది. సందు ఇవతల నిలబడతాము.

ఒక్కటే అడిగేది. ఇద్దరు వస్తారంటివి. మీ ఇద్దరికీ ఒకే తెల్లగుడ్డలు, ఒకే ముసుగు. నువ్వు పోయినప్పుడు చిన్నపిల్లవు. నా కండ్లకు ఇప్పుడు దూరపు చూపు ఆనదు. పేటవాళ్ళ ముందర వేరే బిడ్డకు ఎదురుపోతే సిగ్గుగా ఉంటుంది.

బండిలో నుంచి నువ్వు ముందు దిగు.

నాయన